ఖాళీ అంటే కింద

నేను పర్సనెల్ ఆఫీసర్‌గా పని చేశాను. చంద్రపూర్‌లో గనుల వాళ్ళకు, కరెంటు కేంద్రం వాళ్ళకు క్యాంటీన్లు, గెస్ట్‌హౌస్‌లు నడిపే ఒక ప్రైవేటు కంపెనీ మాది. మనుషుల్ని పనిలోకి తీసుకోవడం, అవసరం తీరాక పంపించడం, మధ్యలో వాళ్ళ తగాదాలు వినడం, ఇదీ నా ఉద్యోగం. కంపెనీని కుదించుకుంటూ వచ్చి చివరకు నన్ను కూడా స్వచ్ఛంద విరమణ తీసుకోమన్నారు. అప్పటికి నాకు యాభై రెండేళ్ళు. అందరినీ పంపించే పనిలో ఉన్నవాణ్ణి పంపించడానికి కంపెనీకి పెద్దగా మాటలు ఖర్చు కాలేదు.

ఆటిజం ఉన్న పెద్దవాళ్ళకు ఉద్యోగాలు ఇవ్వాలన్న మాట ఇప్పుడు కంపెనీల్లో అక్కడక్కడా వినబడుతోంది. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన కొందరు నన్ను వచ్చి అడిగారు, మీ రోజుల్లో ఎలా చేశారని. ఎలా చేశామో చెప్పాలంటే ముందు ఒక కథను సరిచేయాలి. ఈ ఊళ్ళో అది ఏళ్ళ తరబడి తిరుగుతోంది. ఎవడో మతిలేనివాడు క్యాంటీన్‌లో కోపమొచ్చి, మరిగే పప్పు తోటి పనివాడి కాళ్ళ మీద గుమ్మరించాడని. ఇలాంటివాళ్ళ కోసం నేను పని అడగడానికి పోయిన ప్రతిచోటా ఆ కథ నాకంటే ముందే పోయి కూర్చుని ఉండేది. పని కోసం నా దగ్గరికి వచ్చిన మరికొన్ని కుటుంబాలు అందువల్లే ఉత్త చేతులతో తిరిగిపోయాయి. ఆ కథ అబద్ధం. అబద్ధమని మొదటి రోజునుంచీ నాకు తెలుసు.

ఇంటర్వ్యూ గురించి

అసలు సంగతికి ముందు ఒక మాట. మనం ఇంటర్వ్యూ చేసి చూసేది పనిని కాదు, మాటను. గోండ్‌పిప్రి నుంచి ఒకమ్మాయి వచ్చింది. బీకాం చదివింది. స్టోర్స్‌లో పనికి దరఖాస్తు పెట్టింది. మా అప్పటి పెద్ద మేనేజర్ "నీకు ఈ ఉద్యోగం ఎందుకు కావాలి?" అని అడిగాడు.

"మా నాయిన తీస్కొచ్చిండు," అంది.

"అది కాదమ్మా, నువ్వెందుకొచ్చావు?"

"బస్సు దొరికింది."

గదిలో అందరం నవ్వాం. ఆమె ఎవరి ముఖమూ చూడలేదు, బల్ల అంచు చూస్తూ కూర్చుంది. అడిగిన రెంటికీ నిజమే చెప్పింది. అబద్ధం చెప్పడం రానందుకు ఆమెను వద్దన్నాం. "మీ సంస్థలో ఎదగాలని ఉంది సార్" అన్న ఒక కుర్రవాణ్ణి తీసుకున్నాం. వాడు ఎదగలేదు, నిలబడలేదు, చెప్పకుండానే మానేశాడు.

మనిషిని స్టోర్స్‌కు తీసుకుంటున్నప్పుడు స్టోర్స్‌లోకి తీసుకుపోయి నాలుగు రోజులు పని చేయించి చూడండి. ఇంతకు మించిన ఇంటర్వ్యూ నాకు తెలియదు. దాన్ని అందరికీ రూలుగా పెట్టాలని తట్టేసరికి నా కింద కుర్చీ లేదు.

నరహరి

నరహరి అక్క పద్మకు పఠాన్‌పుర దగ్గర పిండి గిర్ని ఉంది. వాళ్ళు రాజురా వైపునుంచి వచ్చిన తెలుగువాళ్ళు. ఇంట్లో తెలుగే. నరహరికి అప్పటికి ఇరవై ఆరేళ్ళు. చిన్నప్పుడు నాగపూర్ డాక్టర్లు ఆటిజం అని చెప్పారు. చాలా తక్కువ మాట్లాడతాడు. మాట్లాడితే మనిషి వైపు చూడడు. గట్టిగా అరిస్తే చెవులు మూసుకుంటాడు. ఒక పనికి ఒక మాట, ఒక మాటకు ఒక పని, అలా ఉంటుంది అతని లోకం. సినిమాల్లో చూపించినట్టు లెక్కలు నోటికి చేయడం, క్యాలెండర్ చెప్పడం లాంటివి ఏమీ రావు. ఈ సంగతి కొత్తవాళ్ళు గుర్తుపెట్టుకోవాలి. ఏదో ఒక అద్భుతం చూపిస్తేనే పనిస్తామనే మేనేజర్లు ఉన్నారు. మిగతా మనందరం ఏ అద్భుతం చూపించి ఉద్యోగాల్లో చేరాం?

గిర్నీలో అతని పని ఇది. జనం గోధుమలు, జొన్నలు డబ్బాల్లో తెస్తారు. పద్మ "ఖాళీ" అంటుంది. నరహరి డబ్బా ఎత్తి, గింజ మిగలకుండా తొట్టిలో వంచేస్తాడు. వంచి "ఖాళీ అయింది" అంటాడు. అప్పుడు పద్మ మీట వేస్తుంది. ఆ పని నేను గిర్నీలో నిలబడి స్వయంగా చూశాను. చూసే క్యాంటీన్‌లోకి తీసుకున్నాను.

మా పెద్ద మేనేజర్‌కు అలాంటివాళ్ళు ఒకరిద్దరు ఉంటే ఇష్టం. పండుగ రోజు పిలిచి, పక్కన నిలబెట్టుకుని ఫోటో దిగేవాడు. ఆయన్ను నేను చెడ్డవాడనను. ఆ ఫోటోల పుణ్యమా అని నరహరికి పని దొరికింది. కానీ ఫోటో కోసం ఇచ్చిన పని ఆ ఫోటో దిగినవాడు బదిలీ అయిన రోజే ఊగిసలాడుతుంది. ఇది కూడా గుర్తుపెట్టుకోండి.

క్యాంటీన్‌లో శకుంతలాబాయి అని వంట పెద్ద. ఆమె కూడా రాజురా వైపు తెలుగుమనిషే. నరహరిని తన పక్కనే పెట్టుకుంది. "నరారీ, గిన్నె గడుగు." "నరారీ, ఎసరు వెట్టు." అరవదు. ఒకసారి ఒక మాట. అతను రెండేళ్ళకు పైగా అక్కడ ఏ మాటా పడకుండా పని చేశాడు. పొద్దున పద్మ లేపకముందే తయారై, ఏప్రన్ ఇంటి దగ్గరే కట్టుకుని ఆటో ఎక్కేవాడట. "మా తమ్మునికి పోయేటందుకు ఒక జాగ దొరికింది సారూ," అనేది పద్మ. జీతం గురించి ఆమె ఎప్పుడూ మాట్లాడలేదు. పొద్దున లేచి పోవడానికి ఒక చోటు. ఆ ఇంటికి అదే పెద్ద సంగతి.

కలిపేసిన రోజులు

తరువాత కంపెనీని కుదించడం మొదలైంది. కొత్త జనరల్ మేనేజర్ వచ్చాడు. మూడు క్యాంటీన్లు కలిపి ఒకటి చేశాం. ఎవరు ఎక్కడికి పోవాలో నిర్ణయించింది నేనే. శకుంతలాబాయిని గెస్ట్‌హౌస్‌కు వేశాను. నరహరిని పెద్ద క్యాంటీన్‌కు వేశాను. నా లెక్కలో అవి రెండు పేర్లు, రెండు ఖాళీలు. నరహరి ఉద్యోగంలో సగం శకుంతలాబాయి నోట్లో ఉందని నాకు తట్టలేదు. పని అంటే చేసే చేయి మాత్రమే అనుకున్నాను. ఆ పని చెప్పే మనిషి కూడా పనిలో భాగమేనని ఏ ట్రైనింగ్‌లోనూ నాకు చెప్పలేదు. మీకు చెప్తున్నాను.

పెద్ద క్యాంటీన్ సూపర్‌వైజర్ వామన్‌రావు. మరాఠీ ఆయన. గొంతు పెద్దది, మనసులో ఏమీ ఉంచుకోడు. నరహరిని చూసి నాతో అన్నాడు, "కాయ్ సాహెబ్, తుమ్చా తెలంగీ మాణూస్ బోలత్ నాహీ?" మీ తెలుగాయన మాట్లాడడా అని. నేను నవ్వి "పని చేస్తాడు" అన్నాను. అప్పుడు ఇంకో రెండు నిమిషాలు నిలబడి, ఇతనికి ఏ మాట ఏ పనో చెప్పి ఉండాల్సింది. మీటింగ్ ఉందని వచ్చేశాను.

మొదట్లో గిన్నెలు కడగడమే కాబట్టి మాటలతో అవసరం పడలేదు. ఒక మధ్యాహ్నం మోసే మనిషి రాలేదు. పప్పు గుండిగకు ఒక పక్క గజానన్ అనే పనివాడు, రెండో పక్క నరహరి చేయి వేశారు. పొయ్యి దగ్గరనుంచి వడ్డించే బల్ల దాకా తేవాలి. నేల తడిగా ఉంది. గజానన్ కాలు జారబోయింది. దూరంనుంచి చూసిన వామన్‌రావు గుండిగ దింపేయమని అరిచాడు.

"ఖాలీ! ఖాలీ!"

చంద్రపూర్‌లో పుట్టిన తెలుగువాళ్ళకు ఇక మీదట నేను చెప్పనక్కరలేదు. మిగతావాళ్ళకు చెప్తాను. మరాఠీలో ఖాలీ అంటే కింద. "ఖాలీ ఠేవ్" అంటే కింద పెట్టు. మనకు ఖాళీ అంటే ఖాళీయే. మేం రోజుకు ఇరవైసార్లు ఈ రెండు మాటల మధ్య అటూ ఇటూ దాటుతుంటాం, కాలికి తడి అంటనట్టు. నరహరి దాటలేదు. అతనికి ఆ మాట ఒకటే, గిర్నీలో నేర్చుకున్నది. గుండిగ వంచేశాడు.

ఆ కేక నాకూ వినబడింది. నేను పరిగెత్తుకుంటూ పోయేసరికి గజానన్ బల్ల మీద కూర్చుని పాదం పట్టుకుని అరుస్తున్నాడు. నేలంతా పప్పు. ఎవరో నరహరి రెక్క పట్టుకుని గోడకు అదిమి ఉంచారు. అతను గుండిగ వదలలేదు. దాన్ని ముందుకు చాపి చూపిస్తూ, ఎవరి వైపూ చూడకుండా, అదే మాట అంటున్నాడు.

"ఖాళీ అయింది. ఖాళీ అయింది."

వాళ్ళకది పిచ్చి గొణుగుడు. అక్కడ తెలుగు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. చెప్పిన పని అయిపోయిందని అతను చెప్తున్నాడు. నాకు ఆ క్షణమే అర్థమైంది.

జనరల్ మేనేజర్ గదిలో

గజానన్ పాదం బొబ్బలెక్కింది, కొన్నాళ్ళకు మానింది. మరుసటి రోజు జనరల్ మేనేజర్ మమ్మల్ని పిలిచాడు. వామన్‌రావు తను చూసింది చెప్పాడు. "నేను కింద పెట్టమన్నాను. వాడు నా కళ్ళముందే పారబోశాడు." ఆయన అబద్ధం చెప్పలేదు. జనరల్ మేనేజర్ నా వైపు తిరిగి హిందీలో అడిగాడు, "కావాలని చేశాడా?"

ఒక్క మాట చెప్తే అయిపోయేది. నేను చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో చాలా ఏళ్ళు నాకు నేను రకరకాలుగా సర్దిచెప్పుకున్నాను. మరాఠీ ఆఫీసులో తెలుగువాడు తెలుగువాడి తరఫున మాట్లాడితే "వీడిక్కడ ఆంధ్రావాళ్ళను నింపుతున్నాడు" అంటారని భయం. అది నిజమే. వంటింట్లో మనుషుల్ని తగ్గించమని ఆదేశం ఉంది, ఇతను పోతే యూనియన్ ఉన్నవాణ్ణి ఒకణ్ణి తీసేసే తలనొప్పి తప్పుతుంది. అదీ నిజమే. అన్నిటికంటే అడుగున ఉన్న నిజం, మాట తేడా అని చెబితే మరి సూపర్‌వైజర్‌కు ముందే ఎందుకు చెప్పలేదని నన్నడుగుతారు.

"చెప్పలేం సార్," అన్నాను. "చెప్పింది వినే మనిషి కాదు."

నరహరిని తీసేశారు. తీసేసినట్టు పద్మకు ఫోన్లో చెప్పాను. అతనికి అర్థమయ్యేలా ఎవరూ చెప్పలేదు. మర్నాడు ఏప్రన్ కట్టుకుని గేటు దగ్గరికి వచ్చాడట. వాచ్‌మన్ వెళ్ళిపొమ్మంటే ఎండలో పక్కకు జరిగి నిలబడ్డాడట, పద్మ వచ్చి తీసుకుపోయేదాకా. నేను ఆ రోజు ఆఫీసులోనే ఉన్నాను. కిటికీ దగ్గరికి పోలేదు.

మీరు ఈ ఉద్యోగంలో తప్పులు చేస్తారు. రూలు తెలియక చేసే తప్పు పెద్దది కాదు, ఎవరో ఒకరు దిద్దుతారు. తెలిసి నోరు మూసుకున్న చోట దిద్దడానికి ఇంకెవరూ ఉండరు.

గిర్నీ దగ్గర

విరమణ తరువాత ఇంట్లో గోధుమలు పట్టించుకురావడం నా వంతుకు వచ్చింది. దగ్గరలో రెండు గిర్నీలున్నా దూరంగా ఉన్న పద్మ గిర్నీకి పోయాను. ఎందుకు పోయానో డబ్బా దించేదాకా నాకూ తెలియదు.

నరహరి లోపల స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. పద్మే డబ్బాలు ఎత్తి పోస్తోంది. నడుముకు చున్నీ బిగించి కట్టుకుంది.

"నరహరి ఎత్తడం లేదా?" అన్నాను.

"డబ్బా ముట్టడు సారూ. అప్పటికెల్లి గంతే. గిరాకులు ఎవలన్న ఖాళీ అన్నరనుకో, చేతులు ఎనుకకు వెట్టుకుంటడు."

క్యాంటీన్ ఒక్కటే పోయిందనుకున్నాను. అంతకుముందునుంచీ ఉన్నది కూడా పోయింది. గిర్ని ఆగేదాకా నిలబడి, ఆమెకు చెప్పాను. ఖాలీ సంగతి, జనరల్ మేనేజర్ గది సంగతి, అంతా. పద్మ చేతుల పిండి దులుపుకుంటూ విన్నది.

"గా ఖాళీ ముచ్చట నాకెరుకే," అంది. "ఆ దినమే ఎరుక. ఇంటికొచ్చి అదే మాట అన్నడు గద వాడు. మీకు ఎరుక లేదేమో అనుకున్న. పాపం సారుకు సమజ్ గాలే, గాయన మాత్రం ఏం జేస్తడు అని ఇన్నేండ్లు మిమ్ముల నేనే ఎనకేసుకొచ్చిన."

నేను పిండి డబ్బాకు మూత పెట్టాను.

"నా ముంగట చెప్పి ఏం ఫాయిదా సారూ? మీ మనసు తేలికైతది, గంతే. చెప్పాలంటే గా వామన్‌రావుకు చెప్పుండ్రి. ఊరంతా తిప్పింది గాయననే గద."

పిండి తీసుకుని వచ్చేశాను. ఆమె పట్టుడు కూలి తీసుకోలేదని కాదు, తీసుకుంది. చిల్లర కూడా సరిగ్గా ఇచ్చింది. నేనెవరో తెలియనట్టు.

వామన్‌రావు

వామన్‌రావును కూడా కంపెనీ పంపించేసింది. తుకూమ్‌లో ఇంటి ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నన్ను చూసి సంతోషపడ్డాడు. చాయ్ తెప్పించాడు. కంపెనీని కాసేపు తిట్టుకున్నాం. తరువాత అడిగాను, "తెలుగులో ఖాళీ అంటే ఏమిటో తెలుసా వామన్‌రావు?"

"ఏంటి?"

"రికామా," అన్నాను. ఏమీ లేకుండా ఖాళీగా ఉండటానికి మరాఠీ మాట అది.

ఆయనకు ఒక్కసారి చెబితే చాలింది. వంటింట్లో బతికిన మనిషి, ఆ గుండిగ మళ్ళీ కళ్ళముందుకు వచ్చి ఉంటుంది.

"అంటే," అన్నాడు, "వాడు నా మాట విన్నాడు."

"విన్నాడు."

"నేను అరిచాను, వాడు చేశాడు." కప్పు కింద పెట్టాడు. "మీకెప్పుడు తెలిసింది సాహెబ్?"

"అప్పుడే."

వామన్‌రావు నన్ను తిట్టిన తిట్టు ఇక్కడ రాయను. వినదగ్గది కాదు, నాకు తగనిదీ కాదు. "నా నోటితో ఆ పిల్లాణ్ణి ఇన్నేళ్ళు చంపించావు కదయ్యా," అన్నాడు. అదొక్కటి రాస్తున్నాను. చాయ్ తాగి పొమ్మనలేదు. లేచి లోపలికి పోయాడు.

కానీ నాలుగు రోజులకు ఆయనే ఫోన్ చేశాడు. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో దుప్పట్లు, గలేబులు ఉతికి మడిచే విభాగం ఆయనకు తెలిసినామె లతాతాయి చేతిలో ఉంది. పొద్దుటి పూట మాత్రం ఒక మనిషి కావాలి. "నేను చెప్పాను ఆమెతో. పప్పు సంగతి కూడా చెప్పాను, సరిగ్గా. కానీ ఆమెకు తెలుగు రాదు. కుదురుకునేదాకా పక్కన ఒకరు నిలబడాలంటోంది. మీరు నిలబడండి." సాహెబ్ అనలేదు.

మడత

అలా నేను యాభై నాలుగేళ్ళ వయసులో ఆసుపత్రి దుప్పట్లు మడవడం నేర్చుకున్నాను. పొద్దున నరహరి, నేను ఒకే ఆటోలో పోయేవాళ్ళం. మొదటి రోజు పద్మ లతాతాయికి ఒక్కటే చెప్పింది, హిందీలో: "ఆ ఒక్క మాట అనకండి." లతాతాయి "కింద" అనే తెలుగు మాట నేర్చుకుంది. ఆమె నోట్లో అది "కిందా" అయ్యేది. "నరహరీ, కిందా ఠేవ్." అతను పెట్టేవాడు.

అంతా సాఫీగా పోయిందని అనుకోవద్దు. ఒక యంత్రం మోత భరించలేక అతను బయటికి పోయి మెట్ల మీద కూర్చున్న రోజులున్నాయి. ఇద్దరు ఆయాలు పాత కథ విని అతని పక్కన పని చేయం అన్నారు. లతాతాయి వాళ్ళను వేరే బల్లకు మార్చింది కానీ నరహరిని మార్చలేదు. ఆసుపత్రి ఈ పనిని బయట ఏజెన్సీకి ఇస్తుందని ఇప్పటికే మాటలు నడుస్తున్నాయి. అప్పుడేమవుతుందో తెలియదు. గోండ్‌పిప్రి అమ్మాయి ఎక్కడుందో కూడా తెలియదు, వెతికాను, దొరకలేదు. ఇవన్నీ మీకు చెప్పాలి. ఈ ఉద్యోగంలో ఒక మనిషిని ఒక చోట నిలబెట్టడానికి ఇంత పడుతుంది, నిలబెట్టాక కూడా కాపలా ఉండాలి.

ఒక రోజు లతాతాయి నన్ను పక్కకు పిలిచింది.

"ఒక మాట చెప్తాను, కోపం తెచ్చుకోకండి. నేను అతన్ని అడిగితే మీరు జవాబిస్తున్నారు. ఆయా అడిగినా మీరే. దుప్పట్లు అయ్యాయా అంటే అయ్యాయంటారు, చాయ్ తాగుతాడా అంటే తాగుతాడంటారు. అతనికి నోరు తెరిచే సందు ఏది?"

"ఆలస్యమవుతుందని..."

"అవనివ్వండి. ఆలస్యమయ్యేది నాకు కదా. నిన్న మీరు బయటికి పోయినప్పుడు అడిగాను. కాసేపు ఆగి తనే చెప్పాడు. మీరిక ఇంట్లో ఉండండి సాహెబ్."

నా ఉద్యోగ జీవితంలో ఎందరికో ఈ మాట మర్యాదగా ఎలా చెప్పాలో వెతుక్కున్నాను. ఆమె నాకంటే బాగా చెప్పింది. కొంచెం నొచ్చుకున్నాను, దాచను. చేతిలో ఉన్న గలేబు మడిచి దొంతరలో పెట్టి, నరహరి దగ్గరికి పోయాను.

"నేను పోతున్న నరహరీ. ఆటోల నువ్వే రావాలె ఇగ."

అతను తల ఎత్తలేదు. కాసేపు ఆగాడు. నేనూ ఆగాను.

"పో," అన్నాడు. అని తరువాతి దుప్పటి అందుకున్నాడు.